మా 45 హెచ్‌పీ ట్రాక్టరు, ధాన్యం ట్రక్కు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

కృష్ణా డెల్టాలోని మా కళ్లాల నుంచి మిల్లుకు సార్వా, దాళ్వా రెండు పంటల ధాన్యాన్నీ తొమ్మిదేళ్లుగా తోలుతున్న ట్రాక్టరు ఇది. లాగుడులో వంక పెట్టడానికి లేదు. 60 బస్తాలు వేసినా ఇంజను నీరసించదు. చిక్కల్లా అక్కడే ఉంది, ఎందుకంటే ఇంజను లాగినంత బరువును బ్రేకులు ఆపలేవు, వెనుక తగిలించే మా ట్రక్కుకేమో, అంటే ట్రైలరుకు, సొంత బ్రేకులు లేవు.

కొన్నప్పుడు షోరూములో లిఫ్టు 1,600 కిలోలు లేపుతుందని గొప్పగా చెప్పారు. అది నాగలిని, రోటవేటరును లేపే లెక్కే తప్ప ట్రక్కును లాగే లెక్క కాదని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ తరువాత మిల్లు కాటా మీద అన్నీ విడివిడిగా తూయించాను. ట్రాక్టరు 2,050 కిలోలు, ఖాళీ ట్రక్కు 1,640, 75 కిలోల బస్తాలు 60 వేస్తే 4,500. అంటే 2 టన్నుల బండి వెనుక 6 టన్నులకు పైగా. అసలు సంగతి మాత్రం, నిండు ట్రక్కును తగిలించే ఉంచి ట్రాక్టరు చక్రాలను మాత్రమే కాటా ఎక్కించినప్పుడు బయటపడింది. కాటా 2,750 చూపింది, అంటే 700 కిలోలు హుక్కు మీదే మోపి ఉన్నాయి. ముందు చక్రాలను మాత్రమే తూస్తే, ఒంటిగా ఉన్నప్పుడు 760 ఉండే బరువు 530కి పడిపోయింది. ట్రాక్టరు బరువులో ఐదో వంతు, మా బండికైతే 410 కిలోలు, ముందు చక్రాల మీద నిలవకపోతే స్టీరింగు మాట వినదు. చదును రోడ్డు మీద 120 కిలోల వెసులుబాటు ఉన్నట్లే కనిపిస్తుంది గాని, 20 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే కాలువ గట్టు ఎక్కేటప్పుడు ఆ 6 టన్నులు మరో 300 కిలోల బలంతో వెనక్కి గుంజుతాయి, ఆ గుంజుడుకు ముందు చక్రాలు ఇంకా తేలికవుతాయి.

అందుకే ఇప్పుడు 50 బస్తాలకు మించి వేయను. వాటినైనా ముందు పలకకు ఆనించి కుప్పగా వేయక, ఇరుసు మీదికి జరిపి పేర్పిస్తాను. మరీ వెనక్కి జరిపితే హుక్కు తేలి ట్రక్కు ఊగడం కూడా ఒకసారి చూశాను. గట్టు దిగేటప్పుడు క్లచ్చు తొక్కకుండా, ఎక్కిన గేరులోనే దించుతాను. రోడ్డెక్కేముందు, ఎడమ కుడి చక్రాలకు వేర్వేరుగా ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాకు వేస్తాను, దీన్ని మా డ్రైవరు ఇప్పటికీ చాదస్తమనే అంటాడు.

ఎకరాకు 30 బస్తాల చొప్పున పది ఎకరాల ధాన్యానికి అయిదు తడవలు సరిపోయే చోట ఇప్పుడు ఆరు పడుతున్నాయి, దానికి తగ్గ డీజిలు ఖర్చూ ఉంది. రెండో ఏటనే మార్చవలసి వచ్చిన క్లచ్చు ప్లేటు మాత్రం, బస్తాలు తగ్గించిన తరువాత ఇంతవరకు మళ్లీ మార్చలేదు.