చవక కార్డులు రెండా, మంచి కార్డు ఒకటా?

4కె మానిటర్ కొన్నవాళ్లకు ఈ ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కంప్యూటర్ ఆటల బొమ్మలు గీసే జీటీఎక్స్ 960 లాంటి పాత గ్రాఫిక్స్ కార్డులు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయి, ఒకటికి రెండు బిగిస్తే ఖరీదైన కార్డుతో పనేముంది అని. నేనూ అలాగే అనుకుని రెండు 960లు తెచ్చి ఏడాదికి పైగా వాడాను. ఎక్కువ రిజల్యూషన్ కోసమైతే ఒక్క మంచి కార్డే మేలని ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

కాగితం మీద లెక్క మాత్రం ముచ్చటగా ఉంటుంది. 2015 జనవరిలో 199 డాలర్లకు విడుదలైన 960లో 1024 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) ఉన్నాయి. రెండు కలిపితే 2048. అంతకు నాలుగు నెలల ముందు 549 డాలర్లకు వచ్చిన 980లో ఉన్నవీ సరిగ్గా అన్నే. డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సహకరించిన ఆటల్లో, 1080పి (ఫుల్ హెచ్‌డీ) దగ్గర, ఆ జంట 329 డాలర్ల 970ని నిజంగానే దాటేది.

చిక్కంతా కార్డులోని మెమరీతోనే. కోర్లు కలుస్తాయి, మెమరీ కలవదు. ఒకే వంట రెండు ఇళ్లలో చేయాలంటే ఉప్పూ పప్పూ రెండు ఇళ్లలోనూ ఉండాలి కదా! ఆటలోని బొమ్మల సమాచారమంతా అలాగే రెండు కార్డుల్లోనూ ఉండాల్సిందే. అంటే 2 జీబీ కార్డులు రెండు పెట్టినా మనకు దక్కేది 2 జీబీయే. 1080పి తెరపై దాదాపు 21 లక్షల పిక్సెళ్లుంటే 4కెలో 83 లక్షలు. జంట కార్డులు కొన్నది ఈ భారం కోసమే, అవి చేతులెత్తేసేదీ ఇక్కడే. నా కంప్యూటర్‌లో టెక్స్చర్లు (గోడలు, నేల వంటి వాటి పైపూత బొమ్మలు) ఎక్కువలో పెడితే, ఆట సాఫీగా సాగుతూనే మలుపు తిరగగానే అర సెకను బిగుసుకుపోయేది. తగ్గిస్తే గోడ మీద ఇటుకలు అలుక్కుపోయేవి. ఆ ఇటుకలు స్పష్టంగా కనిపించాలనే కదా 4కె తెర కొన్నది!

రెండో ఇబ్బంది లయ. జంటలో ఒక కార్డు ఒక ఫ్రేము (తెర మీద కనిపించే ఒక్కో చిత్రం) గీస్తే, తర్వాతి ఫ్రేము రెండో కార్డు గీస్తుంది. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తున్నట్టన్నమాట. పోటుకూ పోటుకూ మధ్య ఎడం సమానంగా ఉంటేనే దంపుడు సాగుతుంది. ఇక్కడ రెండు ఫ్రేములు వెంటవెంటనే వచ్చి, ఆ తర్వాత కాస్త ఖాళీ పడుతుంది. లెక్క సెకనుకు 60 ఫ్రేములని చూపిస్తున్నా కంటికి కుదుపు తెలుస్తూనే ఉంటుంది.

కరెంటు సంగతీ అంతే. రెండు 960లకు 240 వాట్లు, ఒక్క 970కి 145. పైగా పై కార్డు కింది కార్డు వదిలిన వేడి గాలినే పీల్చాలి. మే నెలలో క్యాబినెట్ పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకుని ఆడాను.

మెమరీ ఎక్కువున్న జంట అయితే? 2016లో ఏఎమ్‌డీ కంపెనీ తన ఆర్‌ఎక్స్ 480 కార్డులు రెండింటిని ఎన్‌విడియా కంపెనీ జీటీఎక్స్ 1080కి పోటీగా ప్రదర్శించి, ఒక ఆటలో కొంచెం ముందున్నట్టు చూపించింది. 8 జీబీ రకం 480 కాబట్టి మెమరీ బాధ తక్కువే. కానీ ఆ ఫలితం ప్రతి ఆటలోనూ రాదు. ఆటకూ కార్డుకూ మధ్య నడిచే డైరెక్ట్‌ఎక్స్ 12 పద్ధతిలో రెండు కార్డులకు పని పంచే బాధ్యత ఆట తయారు చేసేవాళ్లదే. ఆ శ్రమ పడినవాళ్లు బహు కొద్దిమంది. ఎన్‌విడియా 2016 నాటి 1060కే ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డులను జత చేసే దాని పద్ధతి) తీసేసింది, 2021 జనవరి నుంచి పాత కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఒక్కో ఆటలో జంట ఎలా పనిచేయాలో చెప్పే సెట్టింగులు) ఇవ్వడమూ మానేసింది. ఇప్పుడు జంట కొంటే పాత ఆటలతోనే సరిపెట్టుకోవాలి.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, లేదా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ. రెండింటికీ 8 జీబీ రకాలు కూడా ఉన్నాయి, పెట్టె మీద 16 జీబీ అని చూసే డబ్బు ఇవ్వండి. 4కెలో అన్నీ గరిష్ఠంగా పెట్టి ఆడటం వీటికీ కష్టమే గానీ, అప్‌స్కేలింగ్ (చిన్న సైజులో గీసి తెరకు తగ్గట్టు పెద్దది చేయడం) తోడుంటే హాయిగా ఆడుకోవచ్చు.

ఇంట్లో ఇప్పటికే పాత కార్డు ఉందా? అప్పుడు మాత్రం రెండో కార్డుకు ఒక పని ఉంది. లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న ప్రోగ్రాంతో, ప్రధాన కార్డు ఆటను గీస్తుంటే, గీసిన ఫ్రేముల మధ్యకు అదనపు ఫ్రేములు అల్లే పని పాతదానికి అప్పగించవచ్చు. మానిటర్ కేబుల్ పాత కార్డుకే తగిలించాలి. 4కె కాబట్టి ఆ కార్డుకు కాస్త సత్తువ ఉండాలి, మదర్‌బోర్డులో రెండో స్లాటూ వేగంగా ఉండాలి.