బోరు నీళ్లలో ఆరేళ్లు నడిచిన క్రోమ్ కుళాయి

2019లో ఇల్లు కట్టినప్పుడు ఈ కుళాయిని తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక దుకాణంలో కొన్నాము. లోపలి భాగాలకు ఇంతవరకు మరమ్మతు రాలేదు కనుక వాటి గురించి చెప్పవలసింది లేదు. నా బాధంతా పైపూతతోనే.

మొదటి ఏడాది ఆ అద్దంలాంటి మెరుపు చూసి, ఇంటికి వచ్చిన బంధువులందరికీ ఇదే కొనమని చెప్పాను. తిరుచానూరులోని మా ఇంటికి బోరు నీళ్లే ఆధారం. ఆ నీటి చుక్క ఆరిన చోటల్లా సున్నపు మచ్చ మిగులుతుంది, పైగా నున్నటి మెరుపు మీద అది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండో ఏడాది వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు, నేల కడగడానికి తెచ్చిన బాత్‌రూమ్ యాసిడ్‌నే గుడ్డకు అద్ది కుళాయి మీద రుద్దాను. మచ్చలు వెంటనే పోవడంతో సంబరపడి ఇంకో రెండుసార్లు రుద్దాను. సాయంత్రానికి వెండి రంగు పోయి లేత పసుపు ఛాయ తేలింది. ఇత్తడి బయటపడిందనుకుంటే, ప్లంబరు చూసి, "ఇత్తడి కాదు సార్, అది నికెల్. పైనున్న క్రోమ్ మీరే కడిగేసినారు" అన్నాడు. ఇత్తడి మీద నికెల్, దాని మీద క్రోమ్ వేస్తారని, ఆ క్రోమ్ పొర సాధారణంగా ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదని, యాసిడ్‌లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి అది కరిగిపోతుందని అప్పుడే తెలిసింది. మరుసటి ఏడాదికి కుళాయి మొదలు దగ్గర సన్నని గుంటలు పడి, వాటిలోంచి పచ్చని చిలుము పైకి వచ్చింది.

తప్పు నాదే. అయినా పెట్టెలోని కాగితంలో బిగించే పద్ధతి బొమ్మలతో సహా ఉండగా, యాసిడ్ తగలనివ్వవద్దన్న ఒక్క ముక్క లేకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

పెరట్లో అంతకంటే చవకగా కొన్న స్టీలు కుళాయి ఉంది. దానికి సన్నని గీతల మెరుగే తప్ప పూత లేదు, కాబట్టి ఊడేదీ లేదు. గీసుకుపోయినా స్టీలులోని క్రోమియం గాలి తగిలి తనకు తానే మళ్లీ రక్షణ పొర కట్టుకుంటుంది. సున్నం దాని మీదా పడుతుంది గాని ఆ గీతల్లో అంతగా కనిపించదు. యాసిడ్ దానికీ పడదు కనుక, ఇప్పుడు రెండింటికీ నిమ్మచెక్క రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడుస్తున్నాము.

మునిసిపల్ నీళ్లు వచ్చే ఇళ్లలోనో, వాడిన ప్రతిసారీ తుడిచే ఓపిక ఉన్నవారి దగ్గరో ఈ క్రోమ్ బాగానే నిలవవచ్చు. మా ఇంట్లో నలుగురిలో ఆ ఓపిక నా భార్యకొక్కదానికే ఉంది. స్నానాల గదిలోకి గీతల స్టీలు తేవాలని నేను అనుకుంటున్నాను. హాలులో చేతులు కడిగే చోట మాత్రం మెరిసేదే ఉండాలని ఆవిడ పట్టుబడుతోంది.