పాట కోసం బరంపురం, పర్లాకిమిడి

రాయగడలో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలలో పాట లేని రోజు ఉండదు. పొద్దున్న వంటింట్లో ఆకాశవాణి విశాఖపట్నం, సాయంత్రం దుకాణం దగ్గర జయపురం కేంద్రం నుంచి ఒడియా పాటలు, రాత్రి పడుకోబోయే ముందు ఫోనులో సుశీల, బాలసుబ్రహ్మణ్యం పాటలు వింటూ పెరిగిన వాళ్ళం. అయితే వాయిద్యాలను ఎదురుగా చూస్తూ, గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో గమనిస్తూ వినాలంటే మాత్రం ఊరు దాటక తప్పదు. చలికాలంలో ఒడిశా సరిహద్దు పట్టణాలలో సంగీత విభావరులు తరచుగా జరుగుతాయి కనుక, మా బావగారూ నేనూ కలిసి బరంపురం, గోపాలపూర్, పర్లాకిమిడి చుట్టి వచ్చాము. ఈ మూడింటిలో బసకు బరంపురం మేలు, పాటకు పర్లాకిమిడి మేలు. ఎందుకో వివరంగా చెబుతాను.

రాయగడ నుంచి గుణుపురం వరకు బస్సులో వెళ్ళి, అక్కడ పూరీ వైపు వెళ్ళే రైలు ఎక్కడం మాకు అన్నిటికంటే సుఖంగా అనిపించింది. ఈ మార్గానికి చరిత్ర ఉంది. పర్లాకిమిడి సంస్థానం వేయించిన సన్న రైలు పట్టాల మీద 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య రాకపోకలు మొదలయ్యాయి; ఆ తరువాత అది గుణుపురం దాకా సాగింది; ఇప్పుడు పెద్ద లైనుగా మారింది. రైలు ఒడిశాలో బయలుదేరి, నౌపడా, పలాస, ఇచ్ఛాపురం మీదుగా శ్రీకాకుళం జిల్లాను దాటి మళ్ళీ ఒడిశాలోని బరంపురం చేరుకుంటుంది. పెట్టెలో గుణుపురం కుర్రాళ్ళు ఒడియా పాటలు పెద్దగా పెట్టుకుంటే, పలాసలో ఎక్కిన ఒక పెద్దావిడ విసుక్కోకుండా, “బాబూ, మధ్యలో ఒక్క ఘంటసాల పాట కూడా పెట్టు నాయనా” అని అడిగారు. వాళ్ళు వెతికి పెట్టారు. అయినా సరే, అందరూ వినేలా ఫోను మోగించడం నాకు నచ్చే అలవాటు కాదు. పక్కవాళ్ళ సమ్మతి అడిగితే ఆ పాటకే మర్యాద పెరుగుతుంది.

బరంపురంలో స్టేషనుకు దగ్గరలో ఒక పాత లాడ్జిలో దిగాము. గది చిన్నది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడి నీళ్ళు పొద్దున్న మాత్రం బకెట్లలో ఇస్తారు. వీధి వైపు గది తీసుకుంటే ఆటోల హారన్లతో నిద్ర పట్టదు కాబట్టి లోపలి వైపు గది అడిగి తీసుకోవాలి. మాకు బాగా కలిసొచ్చినది ఇరవై నాలుగు గంటల లెక్క. మనం ఏ వేళకు దిగితే మర్నాడు ఆ వేళ వరకు గది మనదే. అర్ధరాత్రి కచేరీ విని వచ్చి ఆలస్యంగా లేచేవాళ్ళకు పొద్దున్న ఎనిమిదింటికే గది ఖాళీ చేయమనే చోట్ల కంటే ఇది ఎంతో నయం. లెక్క చూసే అతను తెలుగు, ఒడియా రెండూ ఒకే ఊపిరిలో మాట్లాడాడు. ఆ రాత్రి కార్యక్రమం ఎక్కడో, తిరిగి రావడానికి ఏ కూడలిలో ఆటో దొరుకుతుందో అడగకుండానే చెప్పాడు. పొద్దున్నే దొరికే పూరీ, ఉప్మా కలిపిన ఫలహారం ఈ ఊరి ప్రత్యేకత. తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

కార్యక్రమం పెద్ద మైదానంలో జరిగింది. తెలుగు, ఒడియా, హిందీ పాటలు ఒకే వేదిక మీద వినడం ఈ ప్రాంతానికే తగిన అందం. ఒక యువకుడు ఒడియా గాయకుడు అక్షయ మహాంతి పాట పాడినప్పుడు ముందు వరుసలలోని ఒడియా పెద్దలు తలలూపుతుంటే, వెనక నేత కుటుంబాల తెలుగువాళ్ళు కూడా వాళ్ళతో కలిసి చప్పట్లతో తాళం వేశారు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ గంజాం సీమకే చెందిన ప్రహ్లాద నాటకంలో కూడా ఒడియా మాటల పక్కన కర్ణాటక సంగీతపు పోకడలు వినిపిస్తాయి.

ధ్వని విషయంలో మాత్రం తృప్తి కలగలేదు. మొదట మేము ఖాళీ కుర్చీలున్న చోటు చూసుకుని బాగా వెనక కూర్చున్నాము. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక, వేదికకు వంద మీటర్ల దూరంలో తబలా మీద చేయి పడడం ఒక క్షణాన కనిపిస్తే, దెబ్బ సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ ఆలస్యంగా చెవిన పడుతుంది. తాళం మీద మనసు నిలిపే శ్రోతకు ఇది పెద్ద ఇబ్బంది. మైదానం మధ్యలో మిక్సర్ బల్ల దగ్గరికి మారాక పాట ఒక్కసారిగా స్పష్టమైంది. ధ్వని చూసుకునే మనిషి తాను కూర్చున్న చోట చెవికి ఇంపుగా ఉండేలా అన్నిటినీ సరిచేస్తాడు కాబట్టి, ఏ కచేరీలోనైనా ఆ బల్ల పక్కనే చోటు చూసుకోవడం మంచిది. అక్కడ కూర్చుంటేనే తెలిసింది, సగం పాటలు వాద్యబృందంతో కాక ముందే రికార్డు చేసిన ట్రాకు మీద పాడుతున్నారని. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. శ్రోతలు చరణం మళ్ళీ పాడమని కేకలు వేసినా గాయని నవ్వి ఊరుకోవలసి వచ్చింది.

పైగా ముఖ్య అతిథుల ప్రసంగాలకూ శాలువాలకూ గంటకు పైగా పోయింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మత సంబంధమైన సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఆ రోజుకు సడలింపు లేకపోవడంతో సరిగ్గా పదింటికి ఆపేశారు. నిబంధన సరైనదే. కోత మాత్రం ప్రసంగాలకు పడాలి గాని పాటలకు పడకూడదు. ఊళ్ళు దాటి వచ్చిన శ్రోతలకు నిర్వాహకులు ఇచ్చే కనీస గౌరవం అది.

మర్నాడు గోపాలపూర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్లో ఉన్నాము. బరంపురానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. గది బాగుంది, గాలి బాగుంది, దీపస్తంభం వైపు నడక హాయిగా ఉంది. కానీ చీకటి పడ్డాక పట్నానికి వెళ్ళి వచ్చే ఆటోలు దొరకడం కష్టం, దొరికినా రెట్టింపు అడుగుతారు. కచేరీ ఉన్న రాత్రి ఇక్కడ ఉండడం పొరపాటు; కచేరీ లేని రోజున విశ్రాంతికి రావచ్చు.

పర్లాకిమిడి సంగతి వేరు. గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న రాచనగరు. తెలుగు, ఒడియా రెండూ ఇంటి భాషలే. కార్యక్రమం ఒక చిన్న సభా మందిరంలో, రెండు వందల మందికి మించి పట్టని చోట జరిగింది. మొదలవడానికి అరగంట ముందే చేరుకున్నాము. తబలా విద్వాంసుడు వేదిక అంచున కూర్చుని చిన్న సుత్తితో అంచు చుట్టూ మెల్లగా కొడుతూ, ఒక్కో దెబ్బకూ చెవి దగ్గరగా వంచి శ్రుతి చూసుకున్నాడు. ఒక్క చోట పలుకు దిగిందని, తోలు పట్టీల కింద ఉండే చెక్క బిళ్ళను, అంటే గట్టాను, మళ్ళీ జరిపి, హార్మోనియం వాయించే ఆయన వైపు చూసి తల ఊపాకే సుత్తి పక్కన పెట్టాడు. వేణువు వాయించే అబ్బాయి గుడ్డ మీద ఆరేడు మురళులు పొడవును బట్టి వరసగా పేర్చుకున్నాడు. గాయని ఎత్తుకునే శ్రుతి మారినప్పుడల్లా అతని చేయి చూడకుండానే సరైన మురళి మీదకు వెళ్ళేది.

ట్రాకు లేదు. పాట మొదలయ్యే ముందు పంకాలు ఆపించారు. చెమట పట్టింది గాని, విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల పాటలను పాడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి గొంతులోని చిన్న చిన్న గమకాలు కూడా చివరి వరుసలో వినిపించాయి. ఆయన పై స్థాయికి వెళ్ళేటప్పుడు మైకును నోటికి జానెడు దూరం జరిపి, కిందికి దిగేటప్పుడు దగ్గరకు తెచ్చుకునేవారు. ఎక్కడా గొంతు చీరలేదు, మాట మింగలేదు. శ్రోతలు అడిగితే ఒక చరణాన్ని మరింత నెమ్మదిగా మళ్ళీ పాడారు, వాయిద్యాలన్నీ ఆయన వెంటే నడిచాయి. మా బావగారు నా భుజం తట్టి, “పాటంటే ఇదిరా” అన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను.

ఇక్కడి లోటు బస. మంచి గదులు తక్కువ, పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో అసలు దొరకవు. మేము దిగిన చోట దోమల బాధ ఎక్కువగా ఉంది, స్నానాల గదిలో నీళ్ళు సన్నగా వచ్చాయి. భోజనం మాత్రం ఇంటి వంటలా తృప్తిగా పెట్టారు. గది దొరకకపోతే సరిహద్దు అవతల, కొద్ది కిలోమీటర్లలో ఉన్న పాతపట్నంలో ప్రయత్నించవచ్చు. వెళ్ళదలచినవారు గది కంటే ముందు నిర్వాహకులకు ఫోను చేసి, పాడేది వాద్యబృందంతోనా, ట్రాకు మీదా అని అడగండి. వాద్యబృందమే అయితే గది ఎలా ఉన్నా బయలుదేరవచ్చు.