జీబోర్డు తెలుగు: "వస్తాండా" అని కొడితే ఏమవుతుంది?

కీబోర్డు బాగుందో లేదో తేల్చాలంటే దినపత్రిక వాక్యం కొట్టి చూస్తే లాభం లేదు. దాన్ని ఏ కీబోర్డయినా నెగ్గుకొస్తుంది. "యాడుండావ్" (ఎక్కడున్నావ్), "వస్తాండా" (వస్తున్నా), "సరేలేబ్బా" కొట్టి చూడాలి. తిరుపతి, చిత్తూరు జనం వాట్సాప్‌లో రాసుకునేది ఇదే. చూపుకు రాతే గానీ, చదివేవాళ్ల చెవిలో మాటలాగే పడాలి.

గూగుల్ వాళ్ల ఫోను కీబోర్డు యాప్ జీబోర్డు, ఉచితం. సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్, ఆపైన యాడ్ కీబోర్డ్ నొక్కి తెలుగు ఎంచుకుంటే రకాలు కనిపిస్తాయి. ముఖ్యమైనవి రెండు: నేరుగా తెలుగు అక్షరాలుండే పలక, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మారేది. రెండూ పెట్టుకోండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే స్పేస్ బార్‌ను కాసేపు నొక్కి పట్టాలి.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం వేగమే. కానీ ల-ళ, న-ణ, ఎ-ఏ తేడాలను అది ఊహించుకోవాల్సిందే, మాండలికం దగ్గరికొచ్చేసరికి ఆ ఊహ పుస్తకాల తెలుగు వైపు జారుతుంది. "వస్తాండా" కాస్తా "వస్తాడా" అయిందనుకోండి, నేను బయల్దేరానని చెప్పబోయి వాడు వస్తాడా అని అడిగినట్టవుతుంది. పైన వచ్చే సూచనల వరుస చూడకుండా స్పేస్ కొట్టకండి. మన మాటలు ఎక్కువగా రాసేవాళ్లు తెలుగు పలకకు అలవాటు పడటమే మేలు. మొదట్లో వేళ్లు తడబడతాయి, తర్వాత ఊహతో పోట్లాట ఉండదు. తరచూ వాడే మాటల్ని సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, తెలుగు వరకు వెళ్లి ప్లస్ గుర్తుతో చేర్చుకోవచ్చు. పనికిరాని సూచన పదేపదే వస్తుంటే దాన్ని నొక్కి పట్టి చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగేయండి.

గొంతులోని విరుపును రాతలో పెట్టడానికి ఇంగ్లీషు వాళ్లు చుక్కలు, ఆశ్చర్యార్థకాలు వాడితే మనకు లే, బ్బా, గా, కదా ఉన్నాయి. "సరే" వేరు, "సరేలే" వేరు, "సరేలేబ్బా" పూర్తిగా వేరు. "సరే" పక్కన చుక్క పెడితే కోపమొచ్చిందేమో అని అవతలివాళ్లు అనుకునే రోజులివి. ఈ తోకలు మాటకు అతుక్కునే వస్తాయి కాబట్టి సూచనల్లో దొరక్కపోతే ఆశ్చర్యం లేదు.

సాగదీతతో ఇంకో తంటా. "అవునా"ను సాగదీద్దామని దీర్ఘం గుర్తును మళ్లీ మళ్లీ కొడితే తెర మీద చుక్కల వలయాలు వస్తాయి. తప్పు కీబోర్డుది కాదు. ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో గుణింతం గుర్తు ఒక హల్లును ఆనుకుని ఉండాలి, రెండో దీర్ఘానికి ఆనడానికి హల్లు లేదు. అందుకే "అవునాఆఆ" అని అచ్చుతో సాగదీయాలి. తెలుగు అక్షరాల కూర్పు ఎంత చిక్కో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకూ తెలిసొచ్చింది. "జ్ఞా"లో కనపడని విడదీత గుర్తు ఒకటి ఇరికితే చాలు, మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

మైకు నొక్కి తెలుగులో చెప్తే రాసిపెట్టే సౌకర్యం 2017 ఆగస్టులో వచ్చింది. నిశ్శబ్దంలో, నిదానంగా, చిన్న ముక్కలుగా చెప్తే బాగా పనిచేస్తుంది. తిరుపతి ఆర్టీసీ బస్టాండులో అనౌన్స్‌మెంట్ల మధ్య నిలబడి చెప్తే పక్కవాళ్ల మాటలూ కలుస్తాయి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకోవాలి. చుక్కలు, కామాలు మనమే చూసుకోవాలి. ఏర్పేడు, పూతలపట్టు లాంటి ఊరి పేర్లు, డబ్బు లెక్కలు పంపే ముందు ఒకసారి చదువుకోవాల్సిందే. తమిళం కలిపి మాట్లాడే చిత్తూరు ఇళ్లల్లో అయితే ఈ మైకు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అంత బాధెందుకు, వాయిస్ మెసేజ్ పంపితే పోలేదా అంటే, పంపొచ్చు. యాసతో సహా గొంతంతా అందులో ఉంటుంది, వినేవాళ్లు 1.5 రెట్లు, 2 రెట్ల వేగంతో వినేయొచ్చు. అయితే నెల తర్వాత అందులోంచి ఒక అడ్రసు వెతకాలంటే మొదట్నుంచీ వినాలి. ఊసుపోక కబుర్లకు వాయిస్, తేదీలు అడ్రసులు డబ్బులకు రాత. వాట్సాప్‌లో పంపిన రాతను 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు కూడా.

మామూలు ఎస్సెమ్మెస్‌కు మాత్రం తెలుగు లిపి ఖరీదైన వ్యవహారం. ఇంగ్లీషు అక్షరాల్లో 160 పట్టే చోట తెలుగులో 70 మాత్రమే పడతాయి. అక్కడ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు. "స్త్రీ" చూడ్డానికి ఒక్కటే, లెక్కకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలై పోతుంది, ప్యాక్‌లో ఒక్కో ముక్కా ఒక్కో మెసేజ్‌గా కోత పడొచ్చు. నెట్ లేని అవ్వాతాతల ఫోనుకు పంపేటప్పుడు "రేపు 6 గంటల బస్సుకు వస్తాండా" దగ్గర ఆపేయండి.