హాంకాంగ్ యుద్ధస్థలాల నడక: సైన్యం కథ దొరికింది, నర్సుల కథ దొరకలేదు

హాంకాంగ్‌లో 1941 నాటి యుద్ధస్థలాలను ఒక పూటలో చూపించే గైడెడ్ నడకకు, ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా అమ్మతో కలిసి వెళ్లాను. చెల్లించిన రుసుముకు చాలావరకు న్యాయం జరిగింది.

గైడ్ కథను కాల్పులతో కాక సైన్యం రాకతో మొదలుపెట్టడం నాకు బాగా నచ్చింది. నాథన్ రోడ్డు రద్దీలో మమ్మల్ని ఒక పక్కకు నిలబెట్టి, అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్ రక్షణ కోసం వచ్చి, నవంబరు 16న అవతియా ఓడ దిగిన కెనడా సైనికులు ఇదే దారిన షామ్ షుయ్ పో బారకులకు కవాతు చేశారని చెప్పాడు. కెనడా పంపిన 1,975 మందికి కేటాయించిన 212 వాహనాలు వేరే ఓడలో బయలుదేరి హాంకాంగ్‌కు చేరనే లేదట. సరిగ్గా 22 రోజులకు, డిసెంబరు 8న, జపాన్ దాడి మొదలైంది. క్రిస్మస్ నాటికి లొంగుబాటు. ఆ బారకులే తర్వాత యుద్ధఖైదీల శిబిరమయ్యాయి. అట్టలా బిగించిన ఫొటోలో సైనికుల పక్కన నిలిచిన గాండర్ అనే నల్లటి కుక్కను చూపించినప్పుడు, గుంపులోని పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టారు.

వాంగ్ నై చుంగ్ కనుమలో, కెనడా దళానికి నాయకుడైన బ్రిగేడియర్ లాసన్ డిసెంబరు 19న మరణించిన చోటి కథనం కూడా చక్కగా సాగింది.

లోపమల్లా ఒక్కటే. ఆ 1,975 మందిలో ఇద్దరు నర్సులున్నారని గైడ్ అనగానే అమ్మ, "వాళ్లేమయ్యారు బాబూ?" అని అడిగింది. అతను చేతిలోని కాగితాలు తిరగేసి, "వాళ్లూ ఖైదయ్యారమ్మా" అని ముందుకు కదిలాడు. కే క్రిస్టీ, ఆన్నా మే వాటర్స్ ఇద్దరూ బోవెన్ రోడ్ సైనిక ఆసుపత్రిలో, అది ఫిరంగి దెబ్బలు తింటున్నా, క్షతగాత్రులకు సేవ చేశారు. జపాన్ ఆధీనంలోనూ కొంతకాలం అక్కడే పనిచేశారు. 1942లో స్టాన్లీ నిర్బంధ శిబిరానికి తరలించబడి, 1943లో ఖైదీల మార్పిడిలో స్వదేశం చేరారు. ఆ ఆసుపత్రి భవనం బోరెట్ రోడ్డులో ఇప్పటికీ నిలిచే ఉంది. అయినా కార్యక్రమంలో దానికి చోటు లేదు. టీ విరామానికి మాత్రం నలభై నిమిషాలు కేటాయించారు!

సాయ్ వాన్ శ్మశానవాటికలో రాజ్‌పుత్, పంజాబ్ రెజిమెంట్ల భారతీయ సైనికుల ప్రస్తావన క్లుప్తంగానైనా వచ్చింది. అది కొండవాలు మీద మెట్లు మెట్లుగా సముద్రం వైపు దిగుతుంది కనుక, మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకెళ్లేవారు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి. అమ్మ మూడో వరుస దగ్గరే ఆగిపోయి, మిగతాది పైనుంచే చూసింది.