అరకులో ప్లాటు వద్దు, భీమిలిలో అద్దె ఇల్లు చూసుకోండి

అరకులో "వ్యూ ప్లాటు" ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. ఇది చెప్పడానికే రాస్తున్నాను.

మా ఆయనకి ఇప్పుడు పని పూర్తిగా ఇంటి నుంచే. పాప హాస్టల్లో ఉంటుంది, అత్తయ్య మాతోనే ఉంటారు. మియాపూర్‌లో కిటికీ తీస్తే ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళ వంటిల్లు తప్ప ఇంకేం కనబడదు. లేవగానే కొండో సముద్రమో కనబడే ఊళ్ళో ఉందామని ముగ్గురం విశాఖ వైపు ఇళ్ళు చూడ్డానికి బయల్దేరాం. పొద్దున కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్ళాం, బొర్రా దాటాక ఆ లోయలు చూస్తూ అత్తయ్య మోకాళ్ళ నొప్పి మర్చిపోయారు. అంతవరకూ హాయి.

స్టేషన్ దగ్గర ఒక బ్రోకరు కలిశాడు, విశాఖలో తెలిసినవాళ్ళు నంబరిచ్చారు. కాఫీ తోటల పక్కన ఐదు సెంట్లు చూపించి, సెంటు రెండు లక్షలు, ఈరోజే యాభై వేలు టోకెన్ ఇస్తే ఇంకెవరికీ చూపించను అన్నాడు. మరి గిరిజనుల నేల గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం సంగతేంటని మా ఆయన అడిగారు. దానికి అతను "కాగితంలో పేరు గిరిజనులదే ఉంటుంది సార్, అగ్రిమెంట్ మీ పేరున రాయించుకుంటాం, భయమైతే ముప్పై ఏళ్ళ లీజు పెడదాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో ఈ 1/70తో బిగించిందే ఇలాంటి బేరాలు ఆపడానికి. అరకు లాంటి షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి ఎవరు రాసిచ్చినా చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. లీజు, తనఖా కూడా బదలాయింపు కిందికే వస్తాయి. అంటే మన డబ్బు పోతుంది, పైగా ఏ గిరిజన కుటుంబం పేరు వాడారో వాళ్ళు కోర్టుల చుట్టూ తిరగాలి. ఆ నేల వాళ్ళది, మనకి అందంగా కనబడినంత మాత్రాన మనదైపోదు. మా ఆయన నెమ్మదిగా వద్దన్నారు, నేను మాత్రం గట్టిగానే నాలుగు మాటలు అన్నాను.

అసలే ఆ చిరాకులో ఉన్నామా, లాడ్జి ఇంకో తలనొప్పి. రాత్రికి 3,800 తీసుకున్నారు, "వ్యాలీ వ్యూ" అని రాశారు, కర్ర కిటికీ తోస్తే ఎదురుగా జనరేటర్ షెడ్డు. వేరే గది అడిగితే వీకెండ్ కదా మేడమ్, ఫుల్ అన్నారు. అదనపు పరుపుకి 700. వేడినీళ్ళు ఆరింటి నుంచి ఏడింటి వరకే అట, ఆ చలిలో అత్తయ్య స్నానానికి లేచేసరికి ఆపేశారు. బకెట్ వేడినీళ్ళు కావాలంటే 50 ఇవ్వమన్నాడు కుర్రాడు. ఇచ్చాం, గోరువెచ్చగా కూడా లేవు. అత్తయ్య ఏమీ అనలేదు గానీ మధ్యాహ్నం వరకూ ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దవాళ్ళతో అరకు వెళ్తే శని, ఆదివారాలు మానేసి వారం మధ్యలో వెళ్ళండి, గది కళ్ళతో చూశాకే డబ్బు కట్టండి.

రెండు పూటలు చూడ్డానికి అరకుని మించింది లేదు. కాపురానికి మాత్రం, మాలాంటి ఇంటికి, కుదరదు. పెద్ద డాక్టరు కావాలంటే విశాఖకి 110 కిలోమీటర్లకు పైనే, అదీ అనంతగిరి ఘాట్ దిగి. మా ఆయన మీటింగ్ మధ్యలో నెట్ రెండుసార్లు పోయింది.

కిందికి దిగి రుషికొండ వైపు చూశాం. సముద్రం కనబడే రెండు బెడ్‌రూముల ఫ్లాట్ 32,000, మెయింటెనెన్స్ 4,500 వేరే. బాల్కనీ బావుంది, కానీ అద్దెలో సగం ఆ బాల్కనీకే కడుతున్నట్టు. మధురవాడలో సగం ధరకే దొరుకుతున్నాయి, కంబాలకొండ అడవి దగ్గరే, కాకపోతే ఇంటి ముందు హైవే హోరు. మియాపూర్ వదిలి మళ్ళీ అదే హోరులోకి ఎందుకు?

భీమిలి చూశాక వెతకడం ఆపేశాం. నరసింహస్వామి గుడి ఉన్న పావురాళ్ళకొండ వైపు ఒక పాత డాబా ఇల్లు, పై వాటా, అద్దె 13,000, రెండు నెలల అడ్వాన్సు. ఇంటావిడ తలుపు తీస్తూనే "ఏటమ్మా, హైదరాబాదు నుంచొచ్చారా, ముందు టీ తాగండి" అంది. తర్వాత కిటికీ ఊచ మీద నా చెయ్యి పట్టి రుద్దించింది. వేళ్ళకి ఎర్రటి తుప్పు పొడి అంటింది. "రెండేళ్ళ కిందటేసిన రంగు ఇదమ్మా. ఉప్పు గాలి. ఫ్రిజ్ వెనకా ఇలాగే అవుద్ది, మే నెలలో చెమటకి బట్టలు ఆరవు, తుపానొస్తే కరెంటుండదు. హుద్‌హుద్‌కి చాన్నాళ్ళు చీకట్లోనే ఉన్నాం. అన్నీ చెప్పేశాను, ఇక మీ ఇష్టం." ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు లోపాలు ముందుగా చెప్పడం నేనెక్కడా వినలేదు. అత్తయ్య అప్పుడే మెట్లెక్కి డాబా మీద నిలబడ్డారు, ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. "ఇక్కడే ఉందాం" అన్నది ఆవిడే.

మధ్యాహ్నం బీచ్ దగ్గర మెస్‌లో భోజనం 120. నెత్తళ్ళ వేపుడు అడక్కుండానే ఇంకో గరిటె వేశారు. ఎర్రమట్టి దిబ్బలకి ఆటోలో వెళ్ళొచ్చు, లోపల నడవడానికి పొద్దున్నే మంచిది, ఎండెక్కితే నీడ దొరకదు. అన్నిటికన్నా నాకు నచ్చింది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల దగ్గర కనబడిన ఆ నదే ఇక్కడికొచ్చి సముద్రంలో కలుస్తోంది. అరకు కావాలనిపించినప్పుడల్లా వెళ్ళొస్తాం.

విశాఖకి బీచ్ రోడ్డు మీదుగా ఆర్టీసీ సిటీ బస్సులున్నాయి, గంట పైనే పడుతుంది, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్ళు ఆ దూరం ఆలోచించుకోవాలి. ఇల్లు చూడ్డానికి వీలైతే డిసెంబరులో వద్దు, మే నెలలో వెళ్ళండి. ఇనప ఊచలు రుద్ది చూడండి, ట్యాంకు మూత తీయించండి, నెట్ ఎవరిది వస్తుందో పక్కింటివాళ్ళని అడగండి. మేం అడ్వాన్సు 26,000 కట్టేశాం, సంక్రాంతి వెళ్ళగానే సామాను దింపుతున్నాం.