మూడు ఊళ్ళు, మూడు జాబిక్స్ సర్వర్లు: టెంప్లేట్లను కమాండ్ లైన్‌తో పంచుకుంటున్న అనుభవం

మా సంస్థకు అనంతపురం, కర్నూలు, కడపల్లో ఆఫీసులు, గోడౌన్లు ఉన్నాయి. స్విచ్‌లు, రూటర్లు, యూపీఎస్‌లు, కెమెరా రికార్డర్లు అన్నిటినీ గమనించడానికి ఊరికొక జాబిక్స్ (మానిటరింగ్ సాఫ్ట్‌వేర్) సర్వరు పెట్టుకున్నాం. నేను అనంతపురంలో కూర్చుని మూడింటినీ చూసుకుంటాను. ఏ పరికరంలో ఏం చూడాలి, ఎంత దాటితే అలారం రావాలి అన్న నియమాలను జాబిక్స్ టెంప్లేట్ అంటుంది. ఒక సర్వర్లో దిద్దిన టెంప్లేటును మిగతా రెండింటికీ కమాండ్ లైన్ నుంచి పంపించే పద్ధతిని జాబిక్స్ 6.0 వెర్షన్ రోజుల నుంచీ వాడుతున్నాను. ఇప్పుడు 7.0 మీద ఉన్నాం. ఇన్నాళ్ళ వాడకం తర్వాత నా అభిప్రాయం: పద్ధతి గట్టిది, నమ్మి వాడొచ్చు. అయితే ఊరు మారితే మారే అంకెలను టెంప్లేటులోంచి బయటికి తీసి పెట్టుకున్నాకే దాని విలువ తెలిసింది.

మూడు సర్వర్లెందుకు, ఒకే సర్వరు పెట్టి మిగతా ఊళ్ళలో ప్రాక్సీలు పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. ప్రాక్సీ అయితే టెంప్లేట్లు పంచుకోవాల్సిన పనే ఉండదు, అన్నీ ఒకేచోట ఉంటాయి. కానీ ప్రాక్సీ డేటా సేకరించి దాచిపెడుతుందే గానీ అలారం లెక్క కట్టేదీ, కబురు పంపేదీ అసలు సర్వరే. రోడ్డు పనుల్లో జేసీబీ కేబులు తెంపిందంటే మా లింకు కొన్నిసార్లు పూట పూటంతా ఉండదు. ఆ పూటే కడపలో యూపీఎస్ బ్యాటరీ అయిపోతే అక్కడి కుర్రాడికి కబురు అందాలి. అందుకని ఏ ఊరి సర్వరు ఆ ఊరిది. లింకు బాగా నిలబడే చోటయితే ప్రాక్సీతోనే సరిపెట్టుకోండి, ఈ శ్రమ అక్కర్లేదు.

బెంగుళూరులో పనిచేసినప్పుడు హెచ్‌పీ ఓపెన్‌వ్యూ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే వాడేవాళ్ళం. అందులో పాలసీలను (టెంప్లేట్లలాంటి నియమాలను) ఒక మేనేజ్‌మెంట్ సర్వరు నుంచి ఫోల్డర్లోకి దించి ఇంకో సర్వర్లోకి ఎక్కించడానికి ప్రత్యేకంగా కమాండ్లే ఇచ్చారు. జాబిక్స్‌లో అలాంటి తయారు కమాండు లేదు. ఉన్నది ఏపీఐ, అంటే ప్రోగ్రాముల నుంచి సర్వరుకు పని చెప్పే దారి. కర్ల్ (వెబ్ అభ్యర్థనలు పంపేది), జేక్యూ (జేసన్ అనే డేటా రూపాన్ని చదివి రాసేది) అనే రెండు చిన్న పనిముట్లతో దాన్ని పిలిచి మన స్క్రిప్టు మనమే రాసుకోవాలి. పిలవాల్సినవి ముఖ్యంగా మూడు: కాన్ఫిగరేషన్ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్‌కంపేర్, ఇంపోర్ట్. ఎక్స్‌పోర్ట్ టెంప్లేటును యామల్ అనే టెక్స్ట్ ఫైలుగా ఇస్తుంది. ఇంపోర్ట్‌కంపేర్ ఆ ఫైలును అవతలి సర్వర్లో ఉన్నదానితో పోల్చి, ఎక్కిస్తే ఏమేం మారతాయో చెప్తుంది, తాను మాత్రం దేన్నీ ముట్టుకోదు. ఇంపోర్ట్ నిజంగా ఎక్కిస్తుంది.

ఈ మూడింట్లో నాకు బాగా ఇష్టమైనది మధ్యది. 5.4 వెర్షన్లో వచ్చింది. ఒకసారి కడపలో మా వాళ్ళు ఉమ్మడి స్విచ్ టెంప్లేటులోనే తమకు కావాల్సిన ఐటమ్ (పరికరంలో గమనించే కొలత) ఒకటి చేర్చుకున్నారు. నేను కొత్త టెంప్లేటు పంపేముందు కంపేర్ నడిపితే ఆ ఐటమ్ పేరు 'రిమూవ్డ్' కింద కనబడింది. ఫైల్లో లేనివి తీసేయమని చెప్పి ఎక్కించి ఉంటే ఐటమ్‌తో పాటు దాని పాత రీడింగులు కూడా పోయేవి. ఫోన్ చేసి అడిగితే కడప కుర్రాడు "అది మాకు కావాల్సిందేన్నా, రికార్డరు వేలాడే పోర్టు అదే, దాన్ని తీసేయొద్దు" అన్నాడు. ఆ ఐటమ్‌ను ఉమ్మడి టెంప్లేటులోకే తీసుకున్నాం, ఇప్పుడు మూడు ఊళ్ళలోనూ ఉంది. స్క్రిప్టులో కంపేర్ ఫలితం చూపించి, మనిషి 'అవును' అని కొడితే తప్ప ఇంపోర్ట్‌కు పోకుండా కట్టడి చేశాను. దీన్ని క్రాన్‌లో పెట్టి తనంతట తానే నడిచేలా చేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. తేడాల జాబితా మనిషి చదవాలి.

ఇంపోర్ట్‌కు రూల్స్ అని ఒక భాగం ఇవ్వాలి. కొత్తవి చేర్చాలా, ఉన్నవి మార్చాలా, ఫైల్లో లేనివి తీసేయాలా అన్నది ఐటమ్‌లకు, ట్రిగ్గర్లకు (అలారం షరతులకు), గ్రాఫులకు విడివిడిగా చెప్పుకోవచ్చు. మొదటి రెండూ నిత్యం ఆన్. 'డిలీట్ మిస్సింగ్' మాత్రం మామూలుగా ఆఫ్‌లో ఉంచి, కంపేర్లో మాత్రం ఆన్ చేసి చూస్తాను. అప్పుడే ఏ ఊర్లో ఎవరు ఏం అదనంగా చేర్చుకున్నారో బయటపడుతుంది.

ఇక అసలు విషయం, మాక్రోలు, అంటే విలువ బదులు రాసుకునే పేర్లు. మా యూపీఎస్‌లను ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ మీద పరికరాల స్థితి అడిగే పద్ధతి) ద్వారా చూస్తాం. ప్రామాణిక యూపీఎస్ మిబ్‌లో (అలా అడగగల విలువల జాబితాలో) 'అవుట్‌పుట్ సోర్స్' అనే విలువ ఉంటుంది. 3 అంటే మామూలు కరెంటు, 5 అంటే బ్యాటరీ. 5 కనబడగానే అలారం ఇమ్మంటే మా సీమలో ఎండాకాలం పొద్దుగూకులూ ఫోన్ మోగుతూనే ఉంటుంది. కరెంటు ఇలా పోయి అలా వస్తుంది కదా. కాబట్టి 'ఇంతసేపు వరసగా 5 ఉంటేనే' అని ట్రిగ్గర్ రాయాలి. ఎంతసేపు? అనంతపురంలో జనరేటర్ ఉంది, 10 నిమిషాలు ఆగొచ్చు. కర్నూలు గోడౌన్లో బ్యాటరీ చిన్నది, 2 నిమిషాలకే తెలియాలి. కడపలో 5 నిమిషాలు. నియమం ఒకటే, అంకె మూడు రకాలు. ట్రిగ్గర్లో అంకె బదులు మాక్రో పేరు రాస్తే ట్రిగ్గర్ మూడు చోట్లా ఒక్కటిగానే ఉంటుంది.

మరి ఆ మాక్రో విలువ ఎక్కడ రాయాలి? ఇక్కడే చాలామంది తికమకపడతారు. జాబిక్స్ మాక్రో విలువను ముందు హోస్టులో (జాబిక్స్‌లో నమోదైన ఆ పరికరంలో) వెతుకుతుంది, తర్వాత హోస్టుకు నేరుగా తగిలించిన టెంప్లేట్లలో, తర్వాత ఆ టెంప్లేట్లకు తగిలించిన లోపలి టెంప్లేట్లలో, చివరాఖరికి గ్లోబల్‌లో. అంటే టెంప్లేటులో విలువ ఉన్నాక, ఊరంతటికీ వర్తిస్తుంది కదా అని గ్లోబల్ మాక్రోలో రాసినా అది పనిచేయదు. పోనీ ఉమ్మడి టెంప్లేటులోనే కడప అంకె దిద్దుకుంటే, ఈసారి నేను పంపే ఇంపోర్ట్ దాన్ని తుడిచేస్తుంది. ఒక్కో హోస్టులో రాయడం చేయొచ్చు గానీ, పరికరాలు పెరిగేకొద్దీ ఎక్కడ ఏం రాశామో గుర్తుండదు.

మేము చేసుకున్న ఏర్పాటు ఇది. ఊరి పేరుతో ఒక ఖాళీ టెంప్లేటు, అంటే 'కడప యూపీఎస్' అని. దాని లోపల ఉమ్మడి యూపీఎస్ టెంప్లేటు తగిలించి ఉంటుంది. ఊరి అంకెలు ఈ పై టెంప్లేటులో మాక్రోలుగా ఉంటాయి. హోస్టులకు ఈ ఊరి టెంప్లేటునే తగిలిస్తాం. హోస్టుకు నేరుగా తగిలింది ఇదే కాబట్టి దీని అంకెదే పైచేయి. నా స్క్రిప్టు ఊరి టెంప్లేట్లను ఎప్పుడూ ముట్టుకోదు, లోపలి ఉమ్మడివాటినే మారుస్తుంది. గది వేడికి కూడా ఇదే ఏర్పాటు. ఏసీ గదిలో ఉన్న స్విచ్‌కూ, రేకుల గోడౌన్లో పెట్టెలో ఉన్న స్విచ్‌కూ ఒకే హద్దు పెట్టలేం కదా. కడప, కర్నూలు వాళ్ళు ఇప్పుడు నన్నడగకుండా తమ అంకెలు తామే దిద్దుకుంటున్నారు. ఇది కుదిరాకే మూడు సర్వర్ల పని నాకు బరువనిపించలేదు.

స్క్రిప్టు రాసుకునేవాళ్ళకు పనికొచ్చే కొన్ని సంగతులు. ఎక్స్‌పోర్ట్‌కు టెంప్లేటు పేరు ఇస్తే చాలదు, ఐడీ కావాలి. ఆ ఐడీ మూడు సర్వర్లలో మూడు రకాలుగా ఉంటుంది. కాబట్టి ముందు పేరుతో వెతికి ఐడీ తెచ్చుకుని ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ చేయాలి. యామల్ ఫైలు మొత్తాన్నీ జేసన్ లోపల ఒక స్ట్రింగుగా పెట్టి పంపాలి. దాన్ని జేక్యూకి కమాండు లైనులో ఆర్గ్యుమెంటుగా ఇస్తే చిన్న టెంప్లేట్లకు నడుస్తుంది గానీ, పెద్ద స్విచ్ టెంప్లేటు వచ్చేసరికి 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అని లైనక్సే అడ్డం పడుతుంది. జేక్యూ 1.6 నుంచి 'రాఫైల్' అనే ఆప్షన్ ఉంది, ఫైలును నేరుగా చదువుకుంటుంది, దాన్నే వాడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంపోర్ట్ విఫలమైనా ఏపీఐ హెచ్‌టీటీపీ 200 (అంతా సవ్యం) అనే బదులిస్తుంది. తప్పేమిటో లోపలి జేసన్లో 'ఎర్రర్' కింద ఉంటుంది. కర్ల్ సున్నాతో (తప్పు లేదని) తిరిగొచ్చింది కాబట్టి పని అయిపోయిందని స్క్రిప్టు అనుకుంటే మోసపోతుంది. జవాబులో 'రిజల్ట్' కింద 'ట్రూ' ఉందా లేదా అన్నది చూసి తీరాలి.

యూయూఐడీల (ఎక్కడా రెండోసారి రాని గుర్తింపు సంఖ్యల) గురించి కూడా చెప్పాలి. 5.4 నుంచి ప్రతి టెంప్లేటుకూ, ఐటమ్‌కూ, ట్రిగ్గర్‌కూ ఒక్కో యూయూఐడీ ఉంది. పేరు మార్చినా, ఐటమ్ కీ మార్చినా ఇది అదే అని అవతలి సర్వరు గుర్తుపడుతుంది, పాత రీడింగులు నిలుస్తాయి. కానీ ఒకే పేరుతో రెండు ఊళ్ళలో విడివిడిగా చేత్తో తయారుచేసిన టెంప్లేట్లకు యూయూఐడీలు వేరువేరుగా ఉంటాయి. అలాంటిది ఎక్కించబోతే 'ఇప్పటికే ఉంది' అని తిప్పి పంపేస్తుంది. అందుకే మాలో ఒక కట్టుబాటు: ఉమ్మడి టెంప్లేటు పుట్టేది అనంతపురం సర్వర్లోనే. కడపలో ఎవరైనా మంచి ఆలోచన చేస్తే ఇక్కడికి పంపిస్తారు, ఇక్కడ చేర్చి మళ్ళీ మూడు చోట్లకూ పంపిస్తాం.

ఫైళ్ళన్నీ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే పనిముట్టులో) ఉంచుతాం. 6.0లో ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ పైన తేదీ లైను మారేది. టెంప్లేటులో ఏమీ మారకపోయినా గిట్ మార్పు ఉందనేది, ఆ లైనును పక్కనపెట్టి పోల్చుకునేవాళ్ళం. ఒక ఉమ్మడి టెంప్లేటు లోపల ఇంకో ఉమ్మడిది ఉంటే రెండింటినీ ఒకే ఎక్స్‌పోర్ట్‌లో తీయడం మేలు. లోపలిది అవతల లేకపోతే పైది ఎక్కదు.

వెర్షన్ల విషయంలో క్రమశిక్షణ తప్పదు. పాత వెర్షన్లో తీసిన ఫైలు కొత్త సర్వర్లో ఎక్కుతుంది, కొత్తది పాతదానిలో ఎక్కదు. కాబట్టి సర్వర్లను అప్‌గ్రేడ్ చేసేటప్పుడు టెంప్లేట్లు పుట్టే సర్వరును ఆఖరున చేయాలి. మేము ముందు కర్నూలు, తర్వాత కడప, చివర్లో అనంతపురం చేశాం. ఆ మధ్యకాలంలో కూడా పంపకాలు ఆగలేదు. స్క్రిప్టులో మాత్రం మార్పులు చేయాల్సి వచ్చింది. 6.2లో గ్రూపులను హోస్టులకు వేరుగా, టెంప్లేట్లకు వేరుగా చీల్చారు కాబట్టి రూల్స్‌లో పాత 'గ్రూప్స్' అన్న మాట చెల్లదు. 6.4 నుంచి టోకెన్‌ను (ఏపీఐకి పాస్‌వర్డు లాంటిది) హెచ్‌టీటీపీ హెడర్లో పంపమంటున్నారు. 7.0లో పాత పద్ధతి ఇంకా నడుస్తుంది గానీ 7.2లో తీసేశారు, ఇప్పుడే మార్చుకోవడం మంచిది.

6.4తో వచ్చిన ఒక చిన్న సౌకర్యం నాకు చాలా పనికొస్తోంది. టెంప్లేటుకు వెండర్ పేరు, వెర్షన్ అని రాసుకునే చోటు ఇచ్చారు. యామల్లో మన వెర్షన్ నంబరు రాసి ఎక్కిస్తే టెంప్లేట్ల జాబితాలో కనబడుతుంది. ఓపెన్‌వ్యూలో పాలసీకి వెర్షన్ ఉండేది, జాబిక్స్‌లో లేదే అని నాకున్న కొరత దీనితో తీరింది. ఫోన్లో "ఏ వెర్షన్ ఉండాది మీకాడ?" అని అడిగితే కడప అబ్బాయి తెర చూసి చెప్పేస్తాడు.

లోటుపాట్లకు వస్తే, అన్నిటికన్నా పెద్దది యాక్షన్లు. టెంప్లేట్లు, హోస్టులు, మ్యాపులు, మీడియా టైపులు ఎక్స్‌పోర్ట్ అవుతాయి. కానీ ఏ అలారం ఎవరికి, ఎంతసేపటికి పోవాలో చెప్పే యాక్షన్లు అవ్వవు. సగం నియమం అదే కదా! ఏపీఐలో యాక్షన్లకు వేరే పద్ధతులున్నాయి, కానీ వాటిలో యూజర్లూ గ్రూపులూ ఆ సర్వరు ఐడీలతోనే ఉంటాయి, ఒకచోట తీసి ఇంకోచోట పెట్టేలా లేవు. మేము యాక్షన్లను ఇప్పటికీ చేత్తోనే పెట్టుకుంటున్నాం. గ్లోబల్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (పేర్లను వడకట్టే నమూనాలు) కూడా టెంప్లేటుతో రావు. డిస్కవరీలో (పోర్టుల్లాంటివాటిని జాబిక్సే వెతికి చేర్చుకోవడంలో) వాటిని వాడి ఉంటే అవతల కూడా అదే పేరుతో పెట్టుకోవాలి. సీక్రెట్ మాక్రోల విలువలు ఫైల్లోకి రాకపోవడం మాత్రం మంచిదే. పాస్‌వర్డు లాంటి ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ మాట గిట్‌లో పడకూడదు కదా.

ఆన్సిబుల్ (సర్వర్ల పనులు నడిపించే పనిముట్టు) తెలిసినవాళ్ళు దాని జాబిక్స్ కలెక్షన్లోని టెంప్లేట్ మాడ్యూలుతో ఇదే పని చేసుకోవచ్చు. నేను ప్రయత్నించి చూశాను, బాగానే ఉంది. కానీ కర్నూల్లోనూ కడపలోనూ మా కుర్రాళ్ళు షెల్ స్క్రిప్టు చదవగలరు, నేను ఊళ్ళో లేనప్పుడు వాళ్ళే నడుపుకోగలగాలి. అందుకే కర్ల్ దగ్గరే ఆగాం. టోకెన్ కోసం ప్రతి సర్వర్లో విడిగా ఒక యూజరును పెట్టి, అతని రోల్‌లో (అనుమతుల్లో) ఈ కాన్ఫిగరేషన్ పద్ధతులు, టెంప్లేట్ వెతుకులాట తప్ప మిగతా ఏపీఐ అంతా మూసేశాం.

మీకు రెండు సర్వర్లున్నా సరే, ముందు ఒక్క ఐసీఎంపీ పింగ్ (పరికరం పలుకుతోందా అని చూసే) టెంప్లేటుతో మొదలుపెట్టండి. దానిలో ట్రిగ్గర్లు మూడే ఉంటాయి, నష్టం శాతానికీ ఆలస్యానికీ మాక్రోలు ముందే ఉన్నాయి. ఊరి టెంప్లేటు ఏర్పాటు దానిమీద చేసి చూసుకుని, కంపేర్ చదవడం చేతికొచ్చాక స్విచ్‌లకు, యూపీఎస్‌లకు వెళ్ళండి.